తుంటితో వంగడం నేర్చుకోండి: నడుము నొప్పి తగ్గడానికి, సత్తువ పెరగడానికి ఒక్కో మెట్టుగా

నాట్ల కాలంలో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు పొలాల్లోంచి సాయంత్రం గట్టెక్కే ఆడవాళ్ల చెయ్యి ముందు నడుము మీదికే పోతుంది. టంగుటూరు, కొండపి వైపు రోజంతా పొగాకు గ్రేడింగ్ చేసేవాళ్లకు కూర్చున్నచోటి నుంచి లేవడమే పెద్ద పని. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు, రొయ్యల గుంటల గట్ల మీద మేత బస్తాలు మోసే కుర్రాళ్లు, నెల్లూరు ట్రంకు రోడ్డు షాపుల్లో పొద్దస్తమానం కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు... చేసే పనులు వేరు, నొప్పని పట్టుకుని చూపించే చోటు మాత్రం చాలాసార్లు ఒకటే.

ఫిజియోథెరపీ చేసేవాణ్ణి కాబట్టి ఈ నొప్పులు రోజూ చూస్తాను. వాటన్నిటికీ కారణం ఒకటేనని అనను. కానీ వచ్చేవాళ్లలో చాలామందికి తమ ఒంట్లో ఏ కీలు ఎక్కడుందో, వంగినప్పుడు ఏది వంగుతోందో తెలియదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు. అది తెలియకుండా వీడియోలు చూసి వ్యాయామాలు మొదలుపెడితే పాత అలవాటే ఇంకాస్త గట్టిపడుతుంది. అందుకే ఇక్కడ ముందు గమనించడం, తర్వాత కదలిక నేర్చుకోవడం, ఆ తర్వాతే బరువు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఎంఆర్‌ఐ రిపోర్టులో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) ఉబ్బిందని చూసి, ఆ రోజు నుంచి వంగడమే మానేసినవాళ్లు ఉన్నారు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2015లో ప్రచురించిన లెక్కలో, 20 ఏళ్ల వయసులోనే దాదాపు 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. 80 ఏళ్లకు అది 84 శాతం. అంటే వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్కులోనూ మార్పులు వస్తాయి. రిపోర్టులో ఉన్న ప్రతి మాటా మీ నొప్పికి కారణం కానక్కర్లేదు. నడుము వంగడానికే ఉంది. తుంటి చేయాల్సిన పని కూడా రోజంతా అదే చేస్తుంటే అలిసిపోతుంది, అప్పుడు నొప్పి చెబుతుంది.

ముందు డాక్టరుకు చూపించుకోవాల్సిన నొప్పులు

నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, మూత్రమో దొడ్డికో తెలియకుండా వచ్చేస్తున్నా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాళ్లలో బలం పోతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దాంలే అనుకోకూడదు. కింద పడ్డ తర్వాత మొదలైన నొప్పి, జ్వరంతో వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గుతూ వచ్చే నొప్పి, ఎటు తిరిగి పడుకున్నా రాత్రంతా తగ్గని నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లకు కొత్తగా మొదలైన నొప్పి కూడా వ్యాయామంతో చూసుకోవాల్సినవి కావు. ఛాతీ బరువెక్కి, చేతికో దవడకో నొప్పి పాకి, చెమటలు పడుతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

కనిగిరి, పామూరు వైపు పల్లెలవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి, మెడా నడుమూ కర్ర కట్టినట్టు అవుతాయి. ఇంట్లోనే మూడు పరీక్షలు చేయొచ్చు. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లను తాకగలరా? గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా? చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి తల వెనక తాకగలరా? మూడూ కష్టమై, మీ ఊరి నీళ్ల మీద అనుమానం ఉంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. అలా బిగుసుకున్న కీళ్లను బలవంతంగా వంచే వ్యాయామాలు చేయకండి.

మొదటి మెట్టు: చాప మీద పడుకుని గమనించడం

దీన్ని చాలామంది వదిలేస్తారు, ఇందులో చేసేదేమీ లేదనిపిస్తుంది కాబట్టి. దయచేసి వదలొద్దు.

చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. ఏది నేలకు గట్టిగా తగులుతోంది, ఏది తగలట్లేదు? కుడి భుజం, ఎడమ భుజం ఒకేలా ఆనాయా? నడుము కింద ఉన్న సందులోకి చెయ్యి దూర్చి చూడండి. కొందరికి అరచెయ్యి సులభంగా పడుతుంది, కొందరికి వేళ్లు కూడా దూరవు. రెండూ జబ్బు కాదు.

ఇప్పుడు ఆ చేతిని నడుముతో మెల్లగా నొక్కండి. తర్వాత నడుమును కాస్త పైకి లేపి సందు పెద్దది చేయండి. పిరుదులు నేల మీదే ఉండాలి, ఊపిరి బిగపట్టకూడదు. చాలా చిన్న కదలిక ఇది. పది, పదిహేనుసార్లు అటూ ఇటూ చేసేసరికి నడుము ఎక్కడ వంగుతుందో లోపలి నుంచి తెలియడం మొదలవుతుంది. పొద్దున లేవగానే పట్టేసినట్టుండే నడుముకు ఇదొక్కటే చాలా ఉపశమనం ఇస్తుంది.

ఎందుకింత నెమ్మదిగా అంటే, పెద్ద శక్తి వాడుతున్నప్పుడు చిన్న తేడా మనకు తెలియదు. మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) అనే ఆయన భౌతికశాస్త్రం చదివాడు, జూడో నేర్పాడు. మోకాలు దెబ్బతిన్నాక తన కదలికలను తానే పరిశీలించుకుని ఒక పద్ధతినే తయారుచేశాడు. చిన్నగా, నొప్పి రానంత మేర, శ్రద్ధ పెట్టి కదలడం దానికి మూలం. ఆ పద్ధతి మొత్తం మీకు అక్కర్లేదు, ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు.

రెండో మెట్టు: మీ తుంటి ఎక్కడుంది?

కోవూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడను, ఏళ్లుగా నాట్లు వేసిన మనిషిని, "పెద్దమ్మా, తుంటి ఎక్కడుందో చూపించు" అని అడిగాను. ఆమె తడుముకోకుండా బిందె పెట్టుకునే చోట చెయ్యి వేసి, "ఇదేగా నాయనా" అంది. దాదాపు అందరూ అక్కడే చూపిస్తారు. అది కటి ఎముక పైఅంచు. బిందెకూ చంటిబిడ్డకూ అది మంచి ఆసరాయే, కానీ అక్కడ ఏ కీలూ లేదు. తుంటి కీలు అంతకన్నా బాగా కిందికి, లోపలికి ఉంటుంది.

కనుక్కునే విధానం ఇది. నిలబడి ఒక చేత్తో గోడ పట్టుకోండి. రెండో చేతి వేళ్లను గజ్జల్లో, తొడ మొదలయ్యే మడత దగ్గర పెట్టండి. ఆ వైపు మోకాలిని పైకి లేపండి. వేళ్లు మడతలో చిక్కుకుంటాయి. కీలు సరిగ్గా ఆ మడత వెనకాలే, లోతుగా ఉంది. తొడ ఎముక తల గుండ్రంగా ఉండి కటి ఎముకలోని గుంటలో కూర్చుంటుంది కాబట్టి అన్ని దిక్కులకూ తిరుగుతుంది. మోకాలు మడిచి లేపితే సుమారు 120 డిగ్రీల దాకా వస్తుంది. దాని వెనకాలే పిరుదు కండరం, ఒంట్లోకెల్లా పెద్దది. వంగి లేవడానికి మనకున్న అసలు బలం ఇదే.

తలుపు బందు దగ్గర తిరుగుతుంది కానీ చెక్క మధ్యలో వంగదు కదా, తుంటితో వంగడమంటే అలాంటిదే. ఇలా నేర్చుకోండి:

గోడకు వీపు పెట్టి, ఒక అడుగు ముందుకు జరిగి నిలబడండి. రెండు చేతుల వేళ్లూ గజ్జల మడతల్లో పెట్టండి. మోకాళ్లు కొద్దిగా సడలించండి. పిరుదులతో గోడను తాకాలి, అంతే మీరు చేయాల్సింది. తలను కిందికి దించాలని చూడొద్దు, పిరుదులు వెనక్కి పోయేకొద్దీ ఛాతీ దానంతటదే ముందుకు వాలుతుంది. వేళ్లు మడతల్లో నలిగి, తొడల వెనక లాగినట్టుంటే మీరు తుంటితో వంగుతున్నారు. లాగడం నడుములో తెలుస్తుంటే ఇంకా నడుమే వంగుతోంది, గోడకు కాస్త దగ్గరగా జరిగి మళ్లీ చేయండి.

అది కుదిరాక మాపు కర్ర తీసుకోండి. వీపు మీద నిలువుగా పెట్టి, ఒక చెయ్యి మెడ వెనక, ఇంకో చెయ్యి నడుము వెనక పట్టుకోండి. కర్ర తల వెనక, రెక్కల మధ్య, పిరుదుల మధ్య ఎముక మీద, మూడు చోట్ల తగలాలి. ఇప్పుడు ముందులాగే వంగండి. వంగుతుండగా కింద కర్ర వదిలేస్తే నడుము గుండ్రమైందని అర్థం, తల వదిలేస్తే మెడ కిందికి పడిందని అర్థం. అద్దం అక్కర్లేదు, కర్రే చెబుతుంది. రోజుకు రెండుసార్లు, ఒక్కో విడతకు ఎనిమిది, పది చాలు. ఆ పెద్దమ్మకు మొదట్లో కర్ర ప్రతిసారీ కిందే జారింది. కుదిరిన రోజు లేచి నిలబడి, "తొడల్లో పట్టేసిందయ్యా, నడుంలో ఏం లేదు" అంది. మనకు కావాల్సింది ఆ లాగడమే.

వంగడంతో పాటు ఇంకొకటి తెలుసుకోండి. నడుములోని ఐదు పూసలు ముందుకూ వెనక్కూ బాగానే వంగుతాయి కానీ పక్కకు మెలితిరగడం చాలా తక్కువ. మెలిక ఎక్కువగా వచ్చేది రొమ్ము వెనకున్న పన్నెండు పూసల నుంచీ తుంటి నుంచీ. కాబట్టి బరువుతో పక్కకు తిరగాల్సివస్తే పాదాలు తిప్పి తిరగండి.

మూడో మెట్టు: బలం

కదలిక కుదిరాకే ఇక్కడికి రండి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని, 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి మోస్తరు శ్రమ కావాలి. పొలం పని చేస్తున్నాం కదా, మళ్లీ ఇదెందుకని అడుగుతారు. పొలం పనిలో ఒకే కదలిక వందలసార్లు ఉంటుంది. బలం పెరగాలంటే బరువు మెల్లగా పెరుగుతూ పోవాలి, మధ్యలో విశ్రాంతి ఉండాలి. ఆ రెండూ నాట్లలో ఉండవు.

పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపడంతో మొదలుపెట్టండి. మడమలతో నేలను తోయాలి, పైన రెండు క్షణాలు ఆగాలి. పది చొప్పున రెండు విడతలు. తొడ వెనక పట్టేస్తుంటే మడమల్ని పిరుదులకు దగ్గరగా తెచ్చుకోండి.

తర్వాత కుర్చీలోంచి లేవడం. మామూలు ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి పెట్టండి, చేతులు ఛాతీ మీద మడుచుకోండి. ముందుకు వాలేటప్పుడు నేర్చుకున్న ఆ తుంటి మడతే వాడాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 కన్నా, ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గిందనీ, పడిపోయే ప్రమాదం పెరిగిందనీ అర్థం. అది తేలికైతే కుర్చీ తీసేసి బస్కీలు. బడిలో తీయించిన గుంజీలు శిక్ష అనుకున్నాం కానీ కాళ్లకు అంత మంచి పని ఇంకోటి లేదు. మోకాళ్లు నొచ్చేవాళ్లు పూర్తిగా కిందికి పోనక్కర్లేదు, నొప్పి రాని లోతులోనే చేస్తూ పోండి. తొడ ముందు కండరం బలపడేకొద్దీ మోకాలికి ఊరట వస్తుంది.

దండీలు మొదట గోడకు, తర్వాత మంచం పట్టెకో గట్టి బల్లకో, చివరికి నేల మీద. మడమలు లేపి వేళ్ల మీద నిలబడటం పిక్కలకు, గోడ పట్టుకుని చేయండి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది బకెట్. సగం నీళ్లున్న బకెట్టును పాదాల మధ్య పెట్టి, తుంటితో వంగి పట్టుకుని, పాదాలతో నేలను తోస్తూ లేవండి. లేచేటప్పుడు ఊపిరి వదలండి. పది సార్లు సులువుగా అయితే నీళ్లు పెంచండి. లీటరు నీళ్లు కిలో బరువు, అందుకే దీనికి మించిన తూకం ఇంట్లో ఇంకోటి ఉండదు. ఆ తర్వాత బకెట్టును ఒక చేత్తోనే పట్టుకుని, పక్కకు ఒరగకుండా వరండా పొడవునా నడవండి, చెయ్యి మార్చి తిరిగి రండి. డొక్కల్లోని కండరాలు నడుమును నిలబెట్టడం ఎలాగో అప్పుడు తెలుస్తుంది. కొన్నాళ్లకు 25 కిలోల బియ్యం బస్తా దాకా రావచ్చు. తొందరేం లేదు.

ఎంత చేయాలో ఇలా తేల్చుకోండి: విడత ఆపేసరికి ఇంకో రెండు చేయగలననిపించాలి. అంతకన్నా తేలికైతే పెంచాలి, ప్రాణం మీదికొస్తే తగ్గించాలి. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలిస్తే మూడు లోపు ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలైతే ఫర్వాలేదు. కొత్తగా మొదలుపెట్టినప్పుడు కండరాల్లో వచ్చే తీపులు ఒకటి నుంచి మూడు రోజులుంటాయి, అది గాయం కాదు. కాలి కిందికి పాకే నొప్పి, తిమ్మిరి పెరుగుతుంటే మాత్రం ఆపండి. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలు కండరాన్ని బాగా వాడుకోవడం వల్ల వచ్చేదే. కండ కంటికి కనిపించడానికి ఇంకా సమయం పడుతుంది. అద్దంలో తేడా లేదని మానేయకండి.

నేర్చుకున్నది పనిలోకి తేవడం

నాట్లలో వంగకుండా పని జరగదు. బురదలో పాదం దిగబడి ఉంటుంది, గంటల తరబడి కిందే ఉండాలి. తుంటితో వంగడం తెలిసినా ఎంతసేపని? కాబట్టి అక్కడ చేయగలిగింది మధ్యమధ్యలో మార్పు. చేతిలో నారు కట్ట అయిపోయినప్పుడల్లా పూర్తిగా నిలబడి, చేతులు పిరుదుల మీద పెట్టి, మూడుసార్లు వెనక్కి వాలి మళ్లీ వంగండి. కట్ట అయిపోవడాన్నే గుర్తుగా పెట్టుకుంటే వేరే టైము చూడక్కర్లేదు. మేస్త్రీలకు కూడా నా మనవి: నిలబడ్డ మనిషి పని ఎగ్గొడుతున్నట్టు కాదు.

పొగాకు గ్రేడింగ్ లాంటి కూర్చునే పనిలో భంగిమ మార్చడమే మందు. కాసేపు మఠం వేసుకుని, కాసేపు ఒక కాలు చాపి, కాసేపు పీట మీద. సరైన కూర్చునే తీరు ఒక్కటే ఉంటుందని పట్టుబట్టాల్సిన పని లేదు, ఎంత మంచి భంగిమైనా రెండు గంటలు కదలకుండా ఉంటే ఒళ్లు పట్టేస్తుంది. షాపుల్లో, ఆఫీసుల్లో వాళ్లకూ ఇంతే. అరగంటకోసారి లేవండి, ఫోన్ వచ్చినప్పుడు నిలబడి మాట్లాడండి.

బస్తా ఎత్తేటప్పుడు ముందు దాని దగ్గరికి పోవాలి. చాలామంది అడుగు దూరంలో నిలబడి చేతులు చాస్తారు. అదే బరువు దూరం పెరిగేకొద్దీ నడుము మీద ఎక్కువ పడుతుంది. పాదాలు దానికి రెండు పక్కలా పెట్టి, ఒంటికి ఆనించి లేపండి. గుంటల గట్ల మీద నేల జారుతుంది, అక్కడ ఇద్దరు పట్టుకోవడం చిన్నతనం కాదు. ఇంట్లో ఊడ్చేటప్పుడు పొట్టి చీపురు పక్కనపెట్టి పొడవు కర్ర ఉన్నది కొనండి.

నొప్పి తిరగబెట్టిన రోజు

ఎంత బాగా చేసినా ఎప్పుడో ఒకరోజు నడుము పట్టేస్తుంది. కంగారుపడొద్దు. మంచం ఎక్కి రోజులకు రోజులు పడుకోవడం వల్ల కోలుకోవడం ఆలస్యమవుతుంది. మొదటి మెట్టు దగ్గరికి తిరిగి వెళ్లండి: చాప, నెమ్మదైన ఆ చిన్న కదలిక, తర్వాత ఇంట్లోనే కాస్త నడక. వేడి కాపడం పెడితే హాయిగా ఉంటే పెట్టుకోండి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే చాలామందికి నిద్ర పడుతుంది.

నడుము బెల్టు సంగతి ఎక్కువమంది అడుగుతారు. దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామాన్ని సిఫారసు చేసింది, బెల్టులనూ ట్రాక్షన్‌నూ (నడుమును సాగదీసి లాగే చికిత్స) మామూలుగా వాడొద్దని చెప్పింది. ఏ మందో చెప్పకుండా పొడిచే సూదికి ఒప్పుకోకండి, పేరు అడిగి రాయించుకోండి. నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా అసలు వేసుకోవద్దు.

ఆరు వారాలు ఇలా చేశాక నడుము, తొడలు, లేచి కూర్చునే తీరు, వీటిలో ఎక్కడా తేడా కనిపించకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి. వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ కదలికకు నొప్పి వస్తోంది, ఏ వేళ ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతోంది, 30 సెకన్లలో కుర్చీలోంచి మొదట్లో ఎన్నిసార్లు లేచారు, ఇప్పుడు ఎన్నిసార్లు. స్కానింగ్ రిపోర్టు తీసుకెళ్లినా ఆ కాగితాన్నే ముందు చూపించండి.